ఒకే బోరు, ఒకే డ్రిప్పు: చల్కలో టమాటా వాడిపోతోంది, రేగడిలో పసుపు బారుతోంది

రెండుచెక్కల రైతు (సదాశివపేట దగ్గర)

అందరికీ నమస్తే. మాది రెండున్నర ఎకరాలు, ఒకటే బిట్టు. పైన ఎకరం ఎర్ర చల్క (ఇసుక పాలు ఎక్కువున్న తేలిక నేల), కింద వాగు వైపు ఎకరంన్నర నల్లరేగడి. మధ్యలో గెట్టు తప్ప ఏమీ లేదు. అక్టోబర్ మొదట్లో మొత్తం టమాటా నాటాం. ఒకే రకం, ఒకే నారు. డ్రిప్పు కూడా అంతా ఒకటే: సాలుకూ సాలుకూ మీటరున్నర, 40 సెంటీమీటర్లకో డ్రిప్పర్, గంటకు 2 లీటర్లది. రోజూ పొద్దున రెండు గంటలు మోటారు వేస్తున్నా.

ఇప్పుడు చల్కలో మధ్యాహ్నానికి మొక్కలు తల వాలుస్తున్నాయి. రేగడిలో కింది ఆకులు పసుపు బారుతున్నాయి, ఒకటి రెండు పీకి చూస్తే వేళ్లు గోధుమ రంగులోకి వచ్చాయి. మందుల షాపాయన రేగడికి ఏదో తెగులు మందు రాసిచ్చాడు, చల్కకు ఇంకో గంట నీళ్లు పెంచమన్నాడు. గంట పెంచితే రెండింటికీ పెరుగుతుంది కదా, వాల్వు ఒకటే.

భూసార కార్డు ప్రకారం పీహెచ్ చల్కలో 6.9, రేగడిలో 8.1. ఈసీ (ఉప్పు శాతం చెప్పే కొలత) రెండింట్లోనూ తక్కువే. ఏం చేయాలి?

రేగడి బాబాయ్ (నంద్యాల)

తమ్ముడూ, ముందు రేగడికి నీళ్లు ఆపెయ్. మందు కొట్టడం తర్వాత. వానాకాలమంతా తాగి ఉన్న నేల మీద రోజూ నీళ్లు పోస్తే వేరుకు గాలి ఆడదు. ఊపిరాడని వేరే ముందు కుళ్లుతుంది, తెగులు దాని వెనక వస్తుంది.

మా వైపు ఇదే నేలలో అక్టోబర్, నవంబర్‌లో శనగ వేస్తాం. చాలా చేలకు ఒక్కసారి నీళ్లు పెట్టడం కూడా ఉండదు. వానకు నేలలో నిండిన పదును (తడి) మీదే పంట చేతికొస్తుంది. అలాంటి నేలకు నువ్వు రోజూ నీళ్లు పెడుతున్నావు.

అనంత వేరుశనగ (కళ్యాణదుర్గం)

బాబాయ్ చెప్పింది రేగడికి నిజమే గానీ మా ఎర్రనేలల్లో ఆ మాట ఎవరైనా అంటే నవ్వుతారు. మా జిల్లాలో వాన ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అదీ సక్రమంగా రాదు. రెండు వారాలు మొహం చాటేసిందంటే వేరుశనగ అల్లాడిపోతుంది. సరిగ్గా పూత నుంచి ఊడలు నేలలోకి దిగే టైములో అయితే ఆ పంట ఇక కోలుకోదు. అడుగు, అడుగున్నర మట్టి, కింద మొరం. నీళ్లు దాచుకోవడానికి చోటేదీ?

ఇంకోటి, పంట పీకే రోజున కూడా మాకు పదును కావాలి. నేల బిగుసుకుపోతే చెట్టు పైకొస్తుంది, కాయలు లోపలే ఉండిపోతాయి.

నీటిలెక్క (హైదరాబాద్)

డ్రిప్ డిజైన్లు చేయడం నా పని. రెండు నేలలకూ కావాల్సిన మొత్తం నీళ్లలో పెద్ద తేడా ఉండదు. ఈ మాట చాలామందికి మింగుడుపడదు. టమాటా రోజుకు ఎంత తాగుతుందనేది ఎండ, గాలి, ఆకు విస్తీర్ణం తేలుస్తాయి. కింద ఉన్నది చల్కా రేగడా అని ఆకు చూసుకోదు. ఈ నవంబర్‌లో, మీ పంట వయసుకు, రోజుకు 3 మిల్లీమీటర్లు అనుకోండి. ఎకరం మీద ఒక మిల్లీమీటరు అంటే సుమారు 4,000 లీటర్లు. కాబట్టి ఎకరానికి రోజుకు 12,000 లీటర్లు, గెట్టుకు రెండు పక్కలా.

తేడా ఉన్నదల్లా ఎన్ని రోజుల నీళ్లు ఒకేసారి ఇవ్వొచ్చు అనే దాంట్లో. చల్క లాంటి ఇసుక పాలు ఎక్కువున్న నేల, మొక్కకు పనికొచ్చే నీళ్లు మీటరు లోతుకు 100 మిల్లీమీటర్ల దాకా పట్టుకుంటుంది. మంచి రేగడి 200 పట్టుకుంటుంది. టమాటా వేరు ఇప్పుడు చల్కలో ఒక అడుగు లోతు ఉందనుకుంటే అక్కడ 30 మిల్లీమీటర్లు ఉంటాయి. సగం అయిపోగానే మొక్క ఇబ్బంది పడుతుంది కాబట్టి వాడుకోగలిగేది 15. రోజుకు 3 చొప్పున ఐదు రోజులు. కానీ డ్రిప్పు నేలంతా తడపదు, సగం కంటే తక్కువే తడుపుతుంది. అందుకని చేతిలో ఉండేది రెండు రోజులే. రేగడిలో అడుగున్నర వేరు అనుకుని ఇదే లెక్క వేస్తే డ్రిప్పు మీద కూడా వారం దాకా వస్తుంది. భద్రంగా ఉండాలంటే నాలుగు రోజులకోసారి.

మీరు చెప్పిన లక్షణాల్లో ఒకటి ఈ లెక్కకు కుదరడం లేదు. రోజూ రెండు గంటలు నడిస్తే చల్క వాడకూడదు. అక్కడికి అసలు నీళ్లు చేరుతున్నాయా? రెండు పనులు చేసి చెప్పండి. బోరు దగ్గర పైపు విప్పి 200 లీటర్ల డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. తర్వాత డ్రిప్పు మొత్తం నడుస్తుండగా చల్కలో నాలుగు చోట్ల, రేగడిలో నాలుగు చోట్ల డ్రిప్పర్ కింద గ్లాసులు పెట్టి ఆరు నిమిషాల్లో ఎన్ని మిల్లీలీటర్లు పడ్డాయో కొలవండి. దాన్ని పదితో గుణిస్తే గంటకు ఎంతో వస్తుంది.

సేంద్రియ మార్గం (తెనాలి)

లెక్కలన్నీ బాగున్నాయండి. అసలు జబ్బు మాత్రం నేలలో సేంద్రియ కర్బనం లేకపోవడం. కర్బనం ఒక శాతం పెరిగితే ఎకరం నేల లక్షల లీటర్లు పట్టుకుంటుంది. ఘనజీవామృతం (పేడతో చేసే ఎండు ఎరువు) వేయండి, చల్క కూడా రేగడిలా నీళ్లు ఆపుతుంది. డ్రిప్పు గంటలు లెక్కపెట్టే పనే ఉండదు.

నీటిలెక్క

ఆ లక్షల లీటర్ల మాట వాట్సాప్‌లో నాకూ వచ్చింది అన్నా. సిడ్నీ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రపంచం నలుమూలల నుంచి నేలల కొలతలు పోగేసి 2018లో ఇదే విషయం తేల్చారు. కర్బనం ఒక శాతం పెరిగితే 10 సెంటీమీటర్ల మట్టిలో మొక్కకు అందే నీళ్లు సగటున 1.2 మిల్లీమీటర్ల దాకానే పెరుగుతాయి. పై 15 సెంటీమీటర్లకు వేసుకున్నా రెండు మిల్లీమీటర్లు దాటదు. ఎకరానికి ఏడు వేల లీటర్లు. ఎదిగిన టమాటాకు అరపూట నీళ్లు.

పైగా మన ఎండల్లో కర్బనాన్ని ఒక శాతం పెంచడం అంటే ఏళ్లకేళ్ల పని. చల్కల్లో ఉన్నదే అర శాతం లోపు.

సేంద్రియ మార్గం

అయితే ఎరువు వేయడం దండగంటారా?

నీటిలెక్క

అనను. మీ ఎరువు వల్ల లాభం ఇంకో చోట ఉంది. చల్క పైన వాన దెబ్బకు పక్కు కడుతుంది, నీళ్లు లోపలికి దిగకుండా పారిపోతాయి. ఎరువు వేసిన నేలలో ఆ పక్కు పలచబడుతుంది, వాన ఎక్కువగా ఇంకుతుంది. రేగడిలో గడ్డలు విడిపోయి గాలి ఆడుతుంది. నీళ్లను *పట్టుకోవడం* కంటే *లోపలికి రానివ్వడం* దగ్గర దాని ఉపయోగం ఎక్కువ.

జనగామ చల్క

చల్క గురించి నన్ను మాట్లాడనివ్వండి, మా ఊరంతా అదే. నీళ్లు పట్టుకునే గుణం నిజంగా మార్చాలంటే ఒక్కటే దారి, చెరువు మట్టి. మా తాతలు ఎండాకాలం బండ్ల మీద తోలేవాళ్లు. మధ్యలో ఆ పని ఆగిపోయింది. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక చెరువుల పూడిక తీస్తుంటే మళ్లీ ట్రాక్టర్లు కట్టాం.

ఎంత తోలాలో చాలామందికి అంచనా ఉండదు. పది ట్రాలీలు చల్లి చెరువు మట్టి వేశామంటారు. ఎకరమంతా ఒక్క సెంటీమీటరు మందం పరవాలంటేనే 40 ఘనపు మీటర్లు కావాలి. వంద ఘనపుటడుగుల ట్రాలీకి మూడు ఘనపు మీటర్ల లోపే పడుతుంది, అంటే పద్నాలుగు ట్రాలీలు. రెండు మూడు సెంటీమీటర్లు పడి, అది పై మట్టిలో కలిసేలా దున్నితేనే తేడా తెలుస్తుంది. నేను అలా వేసిన మడిలో ఎండాకాలం కూరగాయలకు తడికీ తడికీ మధ్య ఒకటి రెండు రోజులు ఎక్కువ ఆగగలుగుతున్నా. ఖర్చు తక్కువేం కాదు. కానీ ఎరువులాగా కరిగిపోయేది కాదు, బంకమన్ను బంకమన్నుగానే ఉంటుంది.

జాగ్రత్త ఒకటుంది. తోలే ముందు ఆ మట్టిని కూడా పరీక్షకు ఇవ్వండి. కొన్ని చెరువుల అడుగున చౌడు ఉంటుంది. బాగున్న చల్కను పాడు చేసుకున్నవాళ్లను చూశాను.

రైతుసేవ హైడ్రోజెల్

చెరువు మట్టి అక్కర్లేదు మిత్రులారా! మా హైడ్రోజెల్ ఎకరానికి కేవలం 2 కిలోలు! తన బరువుకు 350 రెట్ల నీటిని పట్టి ఉంచుతుంది! నీటి ఖర్చు సగానికి సగం తగ్గుతుంది! బుకింగ్ కోసం సంప్రదించండి.

మోడరేటర్

ఫోన్ నంబరు తీసేశాం. అమ్మకాలు సంత విభాగంలో పెట్టుకోండి.

నీటిలెక్క

పోస్టు ఉంచారు కాబట్టి లెక్క కూడా ఉండాలి. 2 కిలోలు, 350 రెట్లు, అంటే 700 లీటర్లు. ఎకరం మీద ఒక మిల్లీమీటరులో ఐదో వంతు కూడా కాదు. మళ్లీ మళ్లీ తడిసి ఆరుతుందనుకున్నా, విత్తనం పక్కనే పడిందనుకున్నా, మొలకకో నారు నాటుకోవడానికో కొంత సాయపడుతుందేమో. నీటి ఖర్చు సగం తగ్గడానికి ఇందులో దారి కనపడటం లేదు. ఈ జెల్లును తయారు చేసిన ఢిల్లీ పూసా సంస్థ ఉద్దేశం మంచిదే, అమ్మేవాళ్లు మాటలు పెంచారు.

రెండుచెక్కల రైతు

అన్నలూ, కొలిచాను. 200 లీటర్ల డ్రమ్ము 50 సెకన్లలో నిండింది. గ్లాసుల సంగతి చూస్తే నాకే నమ్మబుద్ధి కాలేదు. చల్కలో ఆరు నిమిషాలకు 50 మిల్లీలీటర్లు, ఒక చోట 45. రేగడిలో 110 నుంచి 115. డ్రిప్పర్లన్నీ ఒకే డబ్బాలోవి!

నీటిలెక్క

దొరికింది. 50 సెకన్లకు 200 లీటర్లంటే బోరు గంటకు 14,400 ఇస్తోంది. మీ దూరాలతో ఎకరానికి 6,700 పైచిలుకు డ్రిప్పర్లు పడతాయి, రెండున్నర ఎకరాలకు దాదాపు 16,900. ఒక్కోటి గంటకు 2 లీటర్లు ఇవ్వాలంటే బోరు 33,700 పోయాలి. ఉన్నది సగం కూడా లేదు. లైన్‌లో ప్రెషర్ పడిపోయింది. పడిపోయిన ప్రెషర్‌లో నీళ్లు ఎటు పోతాయి? దిగువకు. పది మీటర్ల ఎత్తు తేడాకు ఒక కిలో ప్రెషర్ తేడా. మీ రేగడి చల్క కంటే రెండు మూడు మీటర్లు కిందుందనుకుంటున్నాను.

రెండుచెక్కల రైతు

అవును, రెండున్నర మీటర్లు ఉంటుంది. గెట్టు దగ్గరే దిగుడు.

నీటిలెక్క

సరిగ్గా సరిపోయింది. రెండు గంటల్లో చల్కకు పడుతున్నది 1.7 మిల్లీమీటర్లు, రేగడికి 3.7. కావాల్సింది చెరో 3. దాహం తట్టుకోలేని నేలకు సగం, దాచుకోగలిగిన నేలకు ఎక్కువ, అదీ రోజూ. మందుల షాపాయన చెప్పినట్టు గంట పెంచి ఉంటే చల్క కొంచెం తేరుకునేది, రేగడి పూర్తిగా పోయేది.

మూడు వాల్వులు పెట్టండి. చల్క ఎకరం ఒకటి, రేగడిని ముప్పావు ఎకరం చొప్పున రెండు. ఒకసారి ఒక్కటే తెరవాలి. అప్పుడు ఏ ముక్క తెరిచినా బోరు సరిపోతుంది. చల్కకు రోజూ 55 నిమిషాలు. రేగడి రెండు ముక్కలకూ నాలుగు రోజులకోసారి, ఒక్కోదానికి మూడున్నర గంటలు. ముందు మాత్రం బాబాయ్ అన్నట్టు ఆరనివ్వండి.

రేగడి బాబాయ్

ఎన్నాళ్లు ఆపాలని అడుగుతాడు, నేనే చెప్తా. రోజులు లెక్కపెట్టొద్దు. మొక్కకు జానెడు దూరంలో అడుగు లోతు గుంట తీసి మట్టి పిడికిట పట్టు. ఉండ అయ్యి, నొక్కితే వేళ్ల మధ్య నుంచి నున్నగా సాగి, చేతికి తడి అంటితే ఇంకా ఆగు. ఉండ అయినా అంచులు పగులుతూ, చేతికి తడి అంటకుండా ఉంటే అదీ పదును. ఉండే కట్టకుండా గడ్డలుగా విరిగితే ఆలస్యం చేశావన్నట్టు.

రేగడితో ఇంకో మోసం ఉంది. ఎండినట్టు పైన నెర్రెలు బాస్తాయి, లోపల తడి ఉంటుంది. అదే ఏప్రిల్‌లో లోపల చల్లగా, తడిగా తగులుతుంది గాని మొక్క వాడుతుంటుంది.

కొత్త రైతు (ఐటీ నుంచి సాగుకు)

తడి ఉంటే మొక్క ఎందుకు వాడుతుంది బాబాయ్?

రేగడి బాబాయ్

నాకు తెలిసింది వాడుతుందని. ఎందుకనేది లెక్కలాయన చెప్పాలి.

నీటిలెక్క

బంకమన్ను రేణువులు అతి సన్నవి. వాటి మధ్య సందులు ఎంత సన్నగా ఉంటే నీటిని అంత గట్టిగా పట్టుకుంటాయి. రేగడిలో ఉన్న నీళ్లలో దాదాపు సగం వేరు లాగలేనంత బిగువుగా ఉంటాయి. మన చేతికి తడి తెలుస్తుంది, వేరుకు అందదు. ఇసుకలో దీనికి పూర్తిగా తలకిందులు. సందులు పెద్దవి, నీళ్లు తేలిగ్గా అందుతాయి, ఉన్నదాంట్లో చాలావరకు మొక్కకే. కాకపోతే ఉండేదే తక్కువ, మిగతాది గంటల్లో వేరు కిందికి జారిపోతుంది.

రేగడి ఉబ్బి కుంచించుకుపోవడానికి కారణం అందులోని మాంట్‌మోరిల్లోనైట్ అనే బంకమన్ను. దాని పొరల మధ్యకే నీళ్లు దూరతాయి. ఎర్రనేలల్లో ఎక్కువగా ఉండే కయోలినైట్ అలా ఉబ్బదు. అందుకే నెర్రెలు బాసిన రేగడికి మొదటి తడి పెట్టేటప్పుడు నీళ్లు కనపడకుండా మింగేస్తుంది. నెర్రెల్లోంచి సరాసరి లోపలికి పోతాయి. మట్టి ఉబ్బి నెర్రెలు మూసుకున్నాక గంటకు ఐదు మిల్లీమీటర్ల కంటే తక్కువే ఇంకుతుంది. చల్క గంటకు 20 పైన మింగుతుంది, అదీ పక్కు కట్టకపోతే.

రేగడి బాబాయ్

అందుకే నెర్రెలు సన్నగా ఉన్నప్పుడే గుంటక (పై మట్టిని గుల్ల చేసే పనిముట్టు) తోలాలి. పైన రెండంగుళాలు పొడి మట్టి అయితే కింది పదును ఆరదు.

డల్లాస్ తెలుగు

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మాది ఒంగోలు, ఇప్పుడు డల్లాస్ శివారులో ఉంటున్నాం. ఈ నల్లమట్టి ఇక్కడా వదల్లేదు! మా చుట్టూ ఉన్నదాన్ని బ్లాక్‌ల్యాండ్ ప్రయరీ అంటారు. టెక్సస్ రాష్ట్ర నేలగా చెప్పుకునే హ్యూస్టన్ బ్లాక్ కూడా ఈ ఉబ్బే జాతే, ఒకప్పుడు పత్తికి పేరుపడింది. ఇప్పుడు దాని మీద ఇళ్లు. ఎండాకాలం మట్టి కుంచించుకుపోయి పునాదులు కదులుతాయి. అందుకని ఇంటి చుట్టూ చిల్లుల పైపు వేసి పునాదికి నీళ్లు పెడుతుంటాం. మా నాన్న వచ్చినప్పుడు చూసి "ఇంటికి తడి పెట్టడం ఎక్కడా చూడలేదురా" అన్నారు.

బాపట్ల ఇసుక

నల్లమట్టి, ఎర్రమట్టి అయ్యాయి, మా ఇసుక సంగతి కూడా వినండి. చీరాల, బాపట్ల సముద్రం వైపు ఉన్నదంతా ఇసుకే. నీళ్లు ఎంత పోసినా నిలవవు. అయినా పూర్వం నుంచి ఇక్కడ కూరగాయలు, నారుమళ్లు, సరుగుడు అన్నీ పండాయి. దొరువుల వల్ల.

దొరువంటే ఇసుకలో తవ్విన వాలు గుంట. వాన నీరు ఇసుకలోంచి తిన్నగా దిగిపోయి, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ ఒక తీపి నీటి పొరగా ఉంటుంది. తీపి నీరు తేలిక కాబట్టి పైనే ఉంటుంది. దొరువు ఆ పై పొరను మాత్రమే అందుకుంటుంది. కుండలతో ముంచి మొక్క మొక్కకీ పోసేవారు. ఎవరో తెలివికి పోయి లోతుగా బోరు వేసి గట్టిగా తోడితే ఉప్పు పైకి వస్తుంది, చుట్టుపక్కల దొరువులు కూడా చెడతాయి. బాపట్ల పరిశోధనా కేంద్రం వాళ్లు దీన్నే మెరుగుపరిచారు. అడుగున చిల్లుల పైపులు అడ్డంగా పరిచి, ఊరిన నీరు మధ్య బావిలోకి వచ్చేట్టు చేసి, తక్కువ తక్కువగా తోడే పద్ధతి.

కాబట్టి ఇసుక నీళ్లు పట్టుకోదు అనేది పై అడుగు మట్టి వరకే నిజం. వాన నీటిని అది ఆవిరి కానివ్వకుండా కిందికి దాచినంత బాగా ఏ నేలా దాచదు.

జనగామ చల్క

ఇది బాగుందండి. మా చల్కలు కూడా అంతే. పొలంలో ఆగని నీళ్లే బావులకు చేరాయి. ఇప్పుడు బోర్లు ఐదారు వందల అడుగులకు పోయాయి, అది వేరే కథ.

కొత్త రైతు

చల్కలో వరి వేయొచ్చా? మా ఊళ్లో వేస్తున్నారు.

జనగామ చల్క

వేస్తున్నారు, నేనూ ఒకప్పుడు వేశాను. కరెంటు ఉచితం కాబట్టి సాగుతోంది. దమ్ము మీద దమ్ము చేస్తే అడుగున గట్టి పొర కట్టి నీళ్లు కొంత ఆగుతాయి. ఆ పొర తర్వాత ఆరుతడి పంటకు శత్రువు. వేరు దిగదు, వాన పడితే పైనే నిలుస్తుంది. వరి నుంచి మక్కకో టమాటాకో మారేవాళ్లు ఒకసారి గునపంతో పొడిచి చూసుకోవాలి. జానెడు లోతులో టక్కున ఆగితే లోతు దుక్కి దున్నకుండా డ్రిప్పు వేయొద్దు.

పల్నాడు మిర్చి

రెండుచెక్కల అన్నా, మీ భూసార కార్డు గురించి ఎవరూ మాట్లాడలేదు. 2015 నుంచి ఇస్తున్న ఆ కార్డులో 12 అంశాలు ఉంటాయి. పీహెచ్, ఈసీ, కర్బనం, తర్వాత నత్రజని నుంచి బోరాన్ దాకా పోషకాలు. ఇసుక ఎంత, బంకమన్ను ఎంత, నీళ్లు ఎంత పట్టుకుంటుంది అనేవి మాత్రం లేవు. నీళ్లకు సంబంధించినంత వరకు అది మౌనమే. నా దృష్టిలో పెద్ద లోటు.

ఇంట్లోనే చూసుకోవచ్చు. గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు, చిటికెడు బట్టల సబ్బు పొడి వేసి బాగా ఊపి కదపకుండా పెట్టండి. ఇసుక ఒకటి రెండు నిమిషాల్లో దిగుతుంది. మధ్యరకం ఒండ్రు కొన్ని గంటల్లో. బంకమన్నుకు రోజు, అంతకంటే ఎక్కువ. పొరల మందం స్కేలుతో కొలిస్తే ఉజ్జాయింపుగా పాళ్లు తెలుస్తాయి. సబ్బు వేయకుండా ఇంకో సీసా కూడా పెట్టండి. అందులో రెండు మూడు రోజులైనా నీళ్లు తేరుకోకుండా మురికిగానే ఉంటే సోడియం ఎక్కువున్న చౌడు అయ్యుండొచ్చు. అప్పుడు ల్యాబ్‌కు ఇచ్చి, ఎంత జిప్సం కావాలో అడిగి వేయాలి. అలాంటి నేలకు డ్రిప్పు మార్చినా లాభం లేదు, నీళ్లు దిగవు.

ఇంకో చిన్న విషయం. డ్రిప్పర్ కింద తడి ఆకారం చల్కలో ముల్లంగిలా సన్నగా లోతుకు పోతుంది, రేగడిలో పక్కలకు పరుచుకుంటుంది. చల్కకు 30 సెంటీమీటర్లకో డ్రిప్పర్ ఉండాలి, రేగడికి 50, 60 కూడా చాలు. రెండింటికీ 40 వేయడం డ్రిప్పు డీలర్ సౌకర్యం కోసమే.

నీటిలెక్క

నూటికి నూరుపాళ్లు. ఇప్పుడు పైపులు మార్చమని చెప్పలేం గానీ, వచ్చే పంటకు చల్కలో లాటరల్స్ (డ్రిప్పర్లుండే సన్న పైపులు) మార్చినప్పుడు 30 అడగండి. డ్రిప్పర్ల సంఖ్య పెరుగుతుంది కాబట్టి ఆ ఎకరాన్ని రెండు వాల్వులుగా చేయాలి, మర్చిపోవద్దు.

రెండుచెక్కల రైతు (మూడు వారాల తర్వాత)

అప్‌డేట్. మూడు వాల్వులు పెట్టించా. ప్లంబర్ కూలితో కలిపి నేను భయపడినంత కాలేదు. గ్లాసులు మళ్లీ పెట్టి చూశా, ఆరు నిమిషాలకు చల్కలో 195 మిల్లీలీటర్లు, రేగడిలో 205. రేగడికి నీళ్లు ఆపిన పది రోజులకు ఉండ అంచులు పగలడం మొదలైంది, అప్పుడు మొదటి తడి ఇచ్చా. కొత్త చిగుళ్లు పచ్చగా వస్తున్నాయి. కుళ్లిన మొక్కలు మాత్రం పోయాయి, రేగడిలో ఒక ముప్పావు ఎకరం ముక్క కొంత పలచగా ఉంది. చల్క మధ్యాహ్నం తల వాల్చడం ఆగింది.

ఇప్పుడు కొత్త సమస్య. చల్కలో ఆకు లేత రంగులో ఉంది. వారానికోసారి వెంచురీలో (డ్రిప్పు నీళ్లలో ఎరువు కలిపే పరికరం) యూరియా ఇస్తున్నా, రేగడికి ఇచ్చినంతే. సరిపోవడం లేదా?

జనగామ చల్క

ఇచ్చింది వేరు దాటి పోతోంది అన్నా. చల్కలో నీళ్లు జారితే నత్రజని కూడా దాంతోపాటే జారుతుంది. వారం మోతాదును మూడు భాగాలు చేసి రెండు రోజులకోసారి ఇయ్యి.

నీటిలెక్క

ఎప్పుడు వదులుతున్నారనేది కూడా చూడండి. 55 నిమిషాల్లో మొదటి 20 నిమిషాలు ఉత్త నీళ్లు, తర్వాత 20 నిమిషాలు యూరియా, చివరి 15 నిమిషాలు పైపులు కడగడానికి మళ్లీ ఉత్త నీళ్లు. మొదట్లోనే వదిలితే మిగతా నీళ్లన్నీ దాన్ని కిందికి తోస్తాయి. రేగడికి వారానికోసారి చాలు. అక్కడ మూడున్నర గంటల తడిలో చివరి గంటలో ఇవ్వండి, ఆఖరి 15 నిమిషాలు ఉత్త నీళ్లకు వదిలేయండి.